ఐదు గేర్ల బండి, ఆరు గేర్ల బండి: ఢిల్లీ చుట్టూ నాలుగు రోజులు

ఢిల్లీకి వచ్చి మూడేళ్లయినా నేను చూసిన ఢిల్లీ, మునిర్కాలోని నా అద్దె గదికీ మానేసర్‌లోని మా ఆఫీసుకీ మధ్య ఉన్నంతే. మిగతాది ఈ ఫిబ్రవరిలో నాలుగు రోజుల్లో చూశాను. అదీ చూడ్డానికి వెళ్లలేదు, అంకెలు రాసుకోవడానికి వెళ్లాను. తిరిగొచ్చాక జగిత్యాల నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసి తాజ్‌మహల్ చూశావా అని అడిగింది. ఆ దారిలో పోలేదన్నాను. "మరి నాలుగు రోజులు కార్ల కూసుండి ఏం జూసినవే?" అంది. ఆమెకు అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

మాది చిన్న టెస్టింగ్ సంస్థ. కార్లను రోడ్ల మీద తిప్పి, ఎలా నడిచాయో, ఎంత పెట్రోలు తాగాయో రాసిచ్చే పని. ట్యాక్సీలు నడిపే ఒక కంపెనీ కొన్ని వందల కార్లు కొనాలనుకుంది. ఒకే మోడలు, ఒకే ఇంజను, రంగు కూడా ఒకటే. కాకపోతే ఒక రకానికి ఐదు గేర్లు, రెండో రకానికి ఆరు. ఆరు గేర్లదానికి ధర కొంచెం ఎక్కువ. ఆ ఎక్కువ పెట్టడం దండగా కాదా అన్నది తేల్చి చెప్పాలి.

గేర్ల సంగతి తెలియని వాళ్లకు రెండు మాటలు. ప్రతి ఇంజనుకూ హాయిగా తిరిగే వేగం ఒకటుంటుంది. మరీ నెమ్మదిగా తిప్పితే బరువు లాగలేక వణుకుతుంది. మరీ వేగంగా తిప్పితే అరుస్తూ పెట్రోలు తాగుతుంది. చక్రాలు మాత్రం నిలబడిన దగ్గర్నుంచి వంద దాకా అన్ని వేగాల్లోనూ తిరగాలి. ఆ రెంటికీ పొత్తు కుదిర్చేవి గేర్లు. ఎక్కువ గేర్లుంటే ఇంజను తన హాయి వేగానికి దగ్గరగా ఉండగలదు. పైగా ఆఖరి గేరును బాగా పొడుగ్గా పెట్టుకోవచ్చు. కారు వంద మీద పోతున్నా లోపల ఇంజను తీరిగ్గా తిరుగుతుంది. కాబట్టి కాగితం మీద ఆరు ఎప్పుడూ ఐదు కంటే మంచిదే. గేరు మార్చే చెయ్యి, క్లచ్ తొక్కే కాలు కాగితం మీద ఉండవు. అందుకే రోడ్డు మీదకు వెళ్లాం.

ఆరు గేర్ల బండికి డ్రైవరు సత్యం గారు. యాభై ఆరేళ్ల మనిషి. తుని దగ్గర పల్లెటూరు. ముప్పై ఏళ్ల కిందట ఎవరో ఆఫీసరు గారి కారు నడపడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆఫీసులో అందరూ ఆయన్ని అంకుల్ అంటారు, నేనూ అంతే. ఐదు గేర్ల బండికి నీలమ్. హర్యానాలోని ఝజ్జర్ అమ్మాయి, ముప్పై రెండేళ్లు, మా దగ్గర పనిచేసే ఒకే ఒక్క మహిళా డ్రైవరు. నేను ఇంజనీరును. కాసేపు ఆ బండిలో, కాసేపు ఈ బండిలో కూర్చుని రాసుకోవడం నా వంతు.

మునిర్కా నుంచి మీరట్

మొదటి రోజు నగరం. పొద్దున్నే మునిర్కాలో బయల్దేరి, రింగు రోడ్డు పట్టుకుని, ఆశ్రమ్ చౌరస్తా మీదుగా యమున దాటి, గాజియాబాద్ వెళ్లేసరికి పదకొండు దాటింది. నేను సత్యం గారి పక్కన కూర్చున్నాను. ట్యాక్సీ కంపెనీ వాళ్లు ఒక షరతు పెట్టారు. డ్రైవర్లు అలవాటు ప్రకారమే నడపాలి, ఎవరూ నేర్పకూడదు. అందుకని ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ముల్లు మీదా, గేరు మార్చమని చెప్పే బాణం గుర్తు మీదా నల్ల టేపు అంటించాం. ఆ అంకెలు నా ఒళ్లోని ట్యాబ్‌లో మాత్రమే కనిపిస్తాయి.

నగరంలో ఆరో గేరు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. సరాయ్ కాలే ఖాన్ దగ్గర నలభై నిమిషాల పాటు ఒకటి, రెండు, మళ్లీ ఒకటి. ఆనంద్ విహార్ దగ్గర మూడు పడింది. ఆ రోజంతా ఆరు పడింది ఒక్కసారే, అదీ మీరట్ ఎక్స్‌ప్రెస్ వే ఎక్కాక చాలాసేపటికి.

సత్యం గారు మాట్లాడలేదు. పిల్లలేం చేస్తారని అడిగాను. జవాబు లేదు. కాసేపాగి, తుని వెళ్లి ఎన్నాళ్లయిందని అడిగాను. ఆయన అద్దంలోకి చూసి, చేత్తో మీసం సవరించుకుని, ముందున్న లారీని దాటించారు. నా మాట అసలు గాలిలోకే రానట్టు. ఆడపిల్ల పక్కన కూర్చుని పుస్తకంలో రాసుకోవడం నచ్చలేదనుకున్నాను. ఈ వృత్తిలో అలాంటి వాళ్లు నాకు కొత్త కాదు.

మీరట్‌లో భోజనం దగ్గర మనిషే మారిపోయారు. గోడ వారన ఉన్న కుర్చీ చూసుకుని కూర్చుని, నన్ను, నీలమ్‌ను తన కుడి పక్కన కూర్చోమన్నారు. పూరీ, ఆలూ కూర తింటూ తన మొదటి బండి గురించి చెప్పారు. "నాలుగే గేర్లండి. గేరు రాడ్డు స్టీరింగు పక్కనుండేది. ఒక్కో గేరు పడితే ఇల్లు మారినట్టుండేదనుకోండి. ఇంజను గొంతు కూడా మారిపోయేది."

బజార్లో గజక్ కొన్నాం. నువ్వులు, బెల్లం కలిపి దంచి పలచగా పరిచి ముక్కలు కోస్తారు. మా దగ్గర నువ్వుల ముద్ద పంటికి ఎదురు తిరుగుతుంది. ఇది నోట్లో పెట్టగానే పొరలు పొరలుగా విడిపోతుంది. పావు కిలో నూట ఇరవై రూపాయలు. ఆ డబ్బా మర్నాడు మధ్యాహ్నానికే ఖాళీ అయింది, ఎక్కువ తిన్నది నేనే.

చెరుకు దారి

రెండో రోజు మీరట్ నుంచి షామ్లీ మీదుగా కర్నాల్. ఈసారి నీలమ్ బండిలో కూర్చున్నాను. ఫిబ్రవరిలో ఆ దారంతా చెరుకే. ట్రాక్టరు వెనక ట్రాలీ, ట్రాలీ మీద దాని వెడల్పుకు రెండింతలు పొడుచుకొచ్చిన చెరుకు. వాటి వెనక ఇరవై మీద పోవాలి, సందు దొరికితే ఒక్క ఊపులో దాటాలి.

నీలమ్ సందు కనిపించగానే మూడుకు దించి, బండిని ముందుకు విసిరేది. దాటాక మూడు నుంచి నాలుగు వేస్తే ఇంజను ఒక్కసారిగా నీరసపడేది. ఐదు గేర్ల బండిలో ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ దూరం ఎక్కువ. ఆరు గేర్లదానిలో మెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి ఆ నీరసం ఉండదు.

"ఏది నయం అనిపిస్తోంది?" అని అడిగాను.

"సిటీలో ఎన్ని గేర్లున్నా మూడే పనిచేస్తాయి మేడమ్. మిగతావి కూర్చుని జీతం తీసుకుంటాయి. హైవే మీద అంటారా, అక్కడ ఆరోది పనికొస్తుంది. కానీ వేసేవాడు వెయ్యాలి కదా."

ఆ ఆఖరి మాటను నేను పట్టించుకోలేదు.

షామ్లీ దాటాక రోడ్డు పక్కన బెల్లం వండుతున్న చోట ఆగాం. అక్కడ దాన్ని కొల్హూ అంటారు. పెద్ద పెద్ద బాణలులు, కింద చెరుకు పిప్పి మంట. యజమాని డెబ్బై ఏళ్ల ముసలాయన, తెల్ల తలపాగా. ఎక్కడివాళ్లమని అడిగితే తెలుగువాళ్లమని చెప్పాను. మద్రాసా అన్నాడు. కాదు, హైదరాబాద్ వైపు అన్నాను. "అచ్ఛా, మద్రాస్" అని స్థిరపరిచి, పాత న్యూస్‌పేపరు ముక్క మీద వేడి బెల్లం పెట్టి ఇచ్చాడు.

సత్యం గారు బాణలి పక్కన గొంతుక్కూర్చుని, వేలితో పాకం తీగ సాగదీసి చూశారు. మా అనకాపల్లి బెల్లం ఇంకా తెలుపుంటుందని హిందీలో చెప్పారు. తెలుపుంటే మందు కలిపినట్టే అన్నాడు ముసలాయన. ఇద్దరూ పావుగంట వాదించుకున్నారు, చివరికి ఒకరికొకరు వయసు చెప్పుకుని నవ్వుకున్నారు. టైమవుతోందని చెప్పడానికి వచ్చిన నీలమ్, ఆయన ఎడమ పక్కనే నిలబడి ఉన్నది కాస్తా, పొగలో నుంచి చుట్టూ తిరిగి కుడి పక్కకు వెళ్లి పిలిచింది. అంత పొగలో అటెందుకు వెళ్లిందా అనుకున్నాను.

ముర్తల్

కర్నాల్ నుంచి ముర్తల్ దాకా ఆరు వరుసల రోడ్డు. ఆరో గేరు కోసమే వేసినట్టుంటుంది. ట్యాంకులు నింపుకుని బయల్దేరాం. మళ్లీ సత్యం గారి బండి ఎక్కాను.

ఎనభై దాటింది. నాలుగో గేరులోనే ఉన్నారు. ట్యాబ్‌లో ఇంజను చుట్లు ఎక్కుతున్నాయి. తొంభై. ఇంకా నాలుగే. పానిపట్ దగ్గర ఐదు వేశారు. ఆరు వెయ్యలేదు. కిటికీ అద్దాలు మూసి ఉన్నాయి, కొత్త బండి, లోపల మెత్తగా గుయ్యిమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. చెవి పెట్టి వింటే మాత్రం ఇంజను మొర తెలుస్తుంది.

నేర్పకూడదన్న షరతు తెలిసీ నోరు జారాను. "అంకుల్, ఇంకో గేరు ఉన్నది గదా. ఎందుకు ఏస్తలేరు?"

జవాబు లేదు. ఇంకోసారి అన్నాను. ఆయన దృష్టి రోడ్డు మీదే ఉంది. ఆ తర్వాత ముర్తల్ దాకా ట్యాబ్‌లో అంకెలే చూస్తూ కూర్చున్నాను.

ముర్తల్ పరాఠాలకు పేరు. పరాఠా ఒకటి వంద పైనే, దాని మీద వెన్న గుప్పెడంత. వెన్నకు వేరే డబ్బులు లేవు, అడిగితే ఇంకా వేస్తారు. మా ఇంట్లో వెన్న కాచి నెయ్యి చేసి స్పూనుతో లెక్కపెట్టి వేస్తారని చెబితే వడ్డించే ఆయన జాలిపడి ఇంకో ముద్ద వేశాడు. నీలమ్ నాలుగు తింది. సత్యం గారు ఒకటి తిని, ముల్లంగి ముక్కలు నములుతూ హుషారుగా కబుర్లు చెప్పారు. నేను కోపంగా ఉన్నానని ఆయనకు తెలియదు.

సాయంత్రం ట్యాంకులు నింపి లెక్క చూస్తే ఆరు గేర్ల బండే ఎక్కువ తాగింది. సోనీపత్‌లో బస చేసిన గదిలో కూర్చుని మా మేనేజరుకు మెసేజ్ పెట్టాను. ఆరో గేరు వాడటం లేదనీ, డ్రైవరు మొండి మనిషనీ, మాట వినడనీ, ఇలాంటి పనికి కొత్త బండ్లు అలవాటున్న వాళ్లను పెడితే మేలనీ. పది నిమిషాల్లో జవాబొచ్చింది. ఈ ట్రిప్పు అయ్యాక ఆయన్ని మారుద్దామని. సరైన పని చేశాననే అనుకుని పడుకున్నాను.

అల్వర్ కొండ

మూడో రోజు సోహ్నా, నూహ్ మీదుగా అల్వర్. నూహ్ దాటాక ఆవాల పూలతో పొలాలన్నీ పసుపు. టీ పది రూపాయలు, గ్లాసు మా దగ్గరి గ్లాసులో సగం, చక్కెర మాత్రం రెండింతలు. అల్వర్‌లో పాలకోవా లాంటి కలాకంద్ అమ్ముతారు, నడిమధ్యలో గోధుమ రంగు తిరిగి ఉంటుంది. అక్కడి నుంచి సిలీసేఢ్ చెరువు వైపు కొండ దారి పట్టాం. ఎక్కుడులో రెండు బండ్లూ ఎలా లాగుతాయో చూడాలి.

నీలమ్ ముందు పోతోంది. మేం వెనక. మలుపు ముందు సత్యం గారు నాలుగులో ఉన్నారు. మూడుకు దించాల్సిన చోటు. ఇంజను గుర్రుమంటోంది, బండి మందగించింది. ఆయన యాక్సిలరేటరు ఇంకా నొక్కారు. లాభం లేక బండి ఇంకా నెమ్మదైంది.

వెనక నుంచి మోటారు సైకిలు హారన్ కొడుతోంది. రెండు వైపులా పాల క్యాన్లు కట్టుకుని పోయే మనిషి. మేం నెమ్మదించామని ఎడమ నుంచి దాటబోయాడు. ఆపకుండా హారన్ కొడుతూనే ఉన్నాడు. ఎదురుగా ఒక బస్సు దిగుతోంది. బస్సుకు దారివ్వడానికి సత్యం గారు బండిని ఎడమకు తిప్పారు.

నేను అరిచాను. ఆయన వినలేదు. ఆయన ఎడమ చెవి నాకు జానెడు దూరంలో ఉంది.

బండి వెనక తలుపు క్యాన్‌కు తగిలింది. మోటారు సైకిలు పక్కకు ఒరిగి, మట్టిలోకి దిగి, పడిపోయింది. అప్పుడు అద్దంలో చూసి ఆయన బ్రేకు వేశారు. మనిషికి మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. ఒక క్యాన్ మూత ఊడి పాలు రోడ్డు మీదుగా పల్లానికి పారాయి. బస్సు ఆగింది, జనం దిగారు.

పాలాయన లేచి దుమ్ము దులుపుకుని నేరుగా డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చాడు. మైలు దూరం నుంచి హారన్ కొడుతున్నానన్నాడు. తర్వాత ఎవరైనా అనే మాటే అన్నాడు. "బహరా హై క్యా?" చెవిటివాడివా అని.

సత్యం గారు బండి దిగారు. పాలాయన మోచెయ్యి పట్టుకుని చూశారు. "హా భాయ్" అన్నారు. "చెవుడే. ఎడమది పూర్తిగా పోయింది. కుడిది సగం."

పాలాయన తిట్టడం ఆపి, వెళ్లి క్యాన్ నిలబెట్టాడు. బస్సు దిగినవాళ్లు మోటారు సైకిలు లేపారు. నీలమ్ వెనక్కి తిరిగొచ్చి, ఫస్ట్ ఎయిడ్ పెట్టె తీసి గాయం కడిగి కట్టు కట్టింది. పాల ధర కట్టివ్వబోతే ఆయన మొదట వద్దని, తర్వాత తీసుకున్నాడు. పోయేముందు సత్యం గారి భుజం తట్టి, తన బావమరిదికి కూడా అల్వర్ ఆసుపత్రిలోనే చెవి మిషన్ ఇచ్చారని గట్టిగా చెప్పి వెళ్లాడు.

దిగేటప్పుడు

ఇక ఆయన నడపడానికి లేదు. ఆ మాట నేను చెప్పకముందే తాళం నా చేతిలో పెట్టారు. నాకు లైసెన్సు ఉంది. జగిత్యాలలో మా నాన్న కారు నడిపాను. ఢిల్లీ వచ్చాక స్టీరింగు ముట్టలేదు. సత్యం గారు ఎడమ సీట్లో కూర్చున్నారు. ఇప్పుడు ఆయన కుడి చెవి నా వైపుంది.

చెరువు గట్టున కాసేపు ఆగాం. గట్టిగా మాట్లాడితే అన్నీ వినిపిస్తున్నాయి.

"ఎప్పటి నుంచి అంకుల్?"

"కిందటేడు చలికాలంలో చెవి పోటొచ్చిందండి. తగ్గిపోద్దిలే అనుకున్నాను. పోటు తగ్గింది. దాంతోపాటే చెవీ పోయింది. కుడిదేమో ముప్పై ఏళ్లు కిటికీ గాలికే అరిగిపోయింది."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెప్తే బండి ఇస్తారేటండీ?"

నేనడగకుండానే మళ్లీ మొదలుపెట్టారు. "పాత బండ్లయితే ఇబ్బంది లేదండి. నాలుగు గేర్లది, ఐదు గేర్లది, గేరు పడితే ఒళ్లంతా తెలుస్తది. కాలికి తెలుస్తది, చేతికి తెలుస్తది. ఈ ఆరు గేర్లదానికి మెట్లు మరీ దగ్గరండి. నాలుగుకీ ఐదుకీ, ఐదుకీ ఆరుకీ తేడా చెవితో తప్ప తెలీదు. స్పీడు చూసి వెయ్యొచ్చు కదా అంటారు. ఏ స్పీడుకి ఏ గేరో లెక్కేసుకుంటా నడిపితే రోడ్డెప్పుడు చూడాలండీ?"

నేను కాలేజీలో గేర్ల గురించి రెండు సెమిస్టర్లు చదివాను. మెట్లు దగ్గరగా ఉంటే మంచిదని పరీక్షల్లో రాశాను. అవి దగ్గరైతే ఒక మనిషికి దొరక్కుండా పోతాయని ఎవరూ చెప్పలేదు.

నీలమ్‌కు ఈ సంగతి ఆర్నెల్లుగా తెలుసట. నేను నిలదీస్తే తల వంచుకుంది. "నేను లైసెన్సు తీసుకున్న కొత్తలో హైవే మీద నా పక్కన కూర్చోడానికి ఒక్క మగాడు ఒప్పుకోలేదు మేడమ్. అంకల్‌జీ నెల రోజులు కూర్చున్నారు. ఎలా చెప్పను? తప్పే. ఇవాళ ఆ పాలాయన బస్సు కింద పడుంటే ఏం చేసేదాన్నో నాకే తెలీదు."

నాకు రాత్రి పెట్టిన మెసేజ్ గుర్తొచ్చింది. వాళ్లకు అప్పుడే చెప్పలేదు.

బెహ్రోర్ నుంచి మానేసర్

నాలుగో రోజు జైపూర్ హైవే. ఆరు గేర్ల బండి నీలమ్‌కు ఇచ్చాను. ఐదు గేర్లది నేను తీసుకున్నాను. పక్కన సత్యం గారు.

బెహ్రోర్ ముందు రెండుసార్లు బండి ఆగిపోయింది. వెనక ట్రక్కు వాడు తిట్టింది నాకు అర్థం కాలేదు, ఆయనకు వినపడలేదు. ఇద్దరం క్షేమం. హైవే ఎక్కాక ఆయన అరచెయ్యి గేరు పెట్టె ఉన్న చోట ఆనించి కూర్చుని, ఒక్కో ముక్క చెప్పారు. "ఇంకా వద్దండి. ఇంకా వద్దు. ఇప్పుడు నాలుగు వెయ్యండి. కాలు మెల్లిగా తియ్యాలి. ఆ లారీని దాటాలంటే ముందే మూడేసుకోవాలి, పక్కకొచ్చాక కాదు."

మధ్యలో నేను మొదటి రోజు అడిగిన ప్రశ్నలన్నీ మళ్లీ అడిగాను. ఇద్దరు కూతుళ్లు. పెద్దమ్మాయి నర్సు, రోహిణిలో ఉంటుంది. తెలుగు అర్థమవుతుంది కానీ హిందీలోనే జవాబిస్తుంది. రెండో అమ్మాయి బీకాం. తుని వెళ్లి ఆరేళ్లయింది. భార్యకు చెవి సంగతి తెలుసు. పిల్లలు మాత్రం నాన్న పరధ్యానం మనిషనుకుంటారు.

షాజహాన్‌పూర్ దగ్గర నీలమ్ మమ్మల్ని దాటి, వంద మీద నున్నగా పోయింది. దూరం నుంచి చూస్తుంటే ఆ బండి కష్టపడుతున్నట్టే లేదు.

ధారూహేడా దగ్గర పెట్రోలు బంకులో రెండు ట్యాంకులూ నింపాం. ఆరో గేరు వేసే మనిషి చేతిలో ఆరు గేర్ల బండి ఐదు గేర్లదానికంటే లీటరుకు రెండు కిలోమీటర్ల దాకా ఎక్కువ ఇచ్చింది. నా చేతిలోని ఐదు గేర్లది, నేను కొత్త అయినా, సత్యం గారి పుణ్యమా అని మరీ తీసికట్టుగా ఏమీ లేదు. అంతకుముందు రోజుల అంకెలతో కలిపి చూస్తే సంగతి తేటతెల్లం. నగరంలో ఆరో గేరుతో ఒరిగేదేమీ లేదు, ఎడమ కాలికి పని పెరగడం తప్ప. కొండ మీద దగ్గర మెట్లు పనికొస్తాయి, అదీ సమయానికి దించుకుంటేనే. రోజుకు రెండొందల కిలోమీటర్లు హైవే మీద తిరిగే బండికి ఆరో గేరు పెట్టిన డబ్బు తిరిగిచ్చేస్తుంది. ఇవన్నీ నడిపేవాడు గేరును గుర్తుపట్టగలిగితే.

రిమార్కుల గడి

ప్రతి రోజు కాగితం చివరా రిమార్కుల గడి ఒకటుంటుంది. రెండో రోజుకీ నాలుగో రోజుకీ అంకెలు ఎందుకు తారుమారయ్యాయో అందులో రాయాలి. రాయకపోతే రిపోర్టుకు అర్థం లేదు. రాస్తే ఒక మనిషి ఉద్యోగం సంగతి. బంకు పక్కనున్న టీ బండి దగ్గర బెంచీ మీద కూర్చుని రాశాను. రాయకుండా ఉండే దారి ఏదైనా ఉందా అని కూడా ఆలోచించాను. పాలు పల్లానికి పారిన రోడ్డు గుర్తొచ్చింది.

రాశాక వెళ్లి సత్యం గారి కుడి పక్కన కూర్చున్నాను.

"అంకుల్, ముందుగాల ఒక మాట చెప్పాలె. మొన్న రాత్రి నేను మేనేజరుకు మెసేజ్ పెట్టిన. మీరు మొండి మనిషి అని, మాట వినరని. మిమ్మల్ని మార్చమని."

పెద్ద గొంతుతో చెప్పాల్సి వచ్చింది. టీ తాగుతున్న లారీ డ్రైవర్లు తిరిగి చూశారు. వాళ్లకు తెలుగు రాదు కాబట్టి సరిపోయింది.

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "చదవండి. ఇప్పుడేం రాసేరో అది."

ఇంగ్లీషులో రాసినదాన్ని తెలుగులో చెప్పాను. డ్రైవరు వినికిడి తగ్గిన కారణంగా గేర్లు ఆలస్యంగా మారాయి. మొండితనం అని అంతకుముందు నేను పంపిన మాట తప్పు, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. మూడో రోజు ప్రమాదం తర్వాత ఆయన బండి నడపలేదు. వైద్య పరీక్ష చేయించాలి.

ఆయన రెండు దిద్దుబాట్లు చెప్పారు. "తగ్గిన అనకండి. ఎడమ చెవి లేదు అని రాయండి. తర్వాతేమో, మొండితనం కొట్టెయ్యకండి."

"అదెట్ల అంకుల్? అది నా తప్పు గదా."

"మీరు అనుకున్న మొండితనం కాదులెండి. ఏడాదిగా ఎవరికీ చెప్పకుండా రోడ్డెక్కేను. దాన్నేటంటారు? ఎవడో పాలవాడు నా మూలాన పడిపోయాడు. ఉండనివ్వండి."

మొదటిది దిద్దాను. రెండోది దిద్దలేదు. వైద్య పరీక్ష గురించిన వాక్యం కింద, ఆయన చెప్పిన మాటగా, ఇంత కాలం దాచినందుకు బాధ్యత తనదేనని రాసి చూపించాను. నీలమ్ కాగితం తీసుకుని, తనకూ ఆర్నెల్లుగా తెలుసని హిందీలో ఒక లైను చేర్చి సంతకం పెట్టింది. మానేసర్ చేరేసరికి నాలుగున్నర. రిపోర్టు ఇచ్చేసి మెట్రో దాకా ఆటో పట్టుకున్నాను.

వచ్చాక

ట్యాక్సీ కంపెనీ ఊళ్ల మధ్య తిరిగే బండ్లకు ఆరు గేర్లవి, నగరంలో తిరిగేవాటికి ఐదు గేర్లవి తీసుకుంది. నీలమ్‌కు ఒక హెచ్చరిక లెటరు ఇచ్చారు. ఆమె దాన్ని మడిచి బండి కాగితాలతో పాటు పెట్టుకుంది.

సత్యం గారిని పరీక్షకు పంపారు. ఎడమ చెవి రాదన్నారు. కుడిదానికి మిషన్ పెడితే బాగానే వినిపిస్తుందన్నారు. రెండు నెలలు బండి ఇవ్వలేదు. రోజూ షెడ్డుకు వచ్చి, తిరిగొచ్చిన కార్ల క్లచ్‌లు చూసి, ఎవరెవరు క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతున్నారో చెప్పి పోయేవారు. అది ఎవరూ ఆయనకు అప్పజెప్పిన పని కాదు. పెద్దమ్మాయే ఆసుపత్రుల చుట్టూ తిప్పి మిషన్ పెట్టించింది. డాక్టరు కాగితం వచ్చాక, మా సంస్థ టెస్టు ట్రాక్ మీద మాత్రం నడపడానికి ఒప్పుకుంది. రోడ్డు సంగతి ఆర్నెల్ల తర్వాత చూస్తామన్నారు.

ట్రాక్ మీద మొదటి రోజు మధ్యాహ్నం నాకు ఫోన్ వచ్చింది. నేను పరుగున వెళ్లాను. బండి ఒక వారన ఆపి ఉంది. బానెట్ ఎత్తి ఉంది. సత్యం గారు కుడి చెవికి కొత్త మిషన్‌తో, చొక్కా చేతులు మడిచి నిలబడి ఉన్నారు.

"ఏమైంది అంకుల్?"

"బండిలో ఏదో కొట్టుకుంటోందనుకున్నానండి. టిక్కు టిక్కుమని ఒకటే చప్పుడు. మూడు రౌండ్లు తిరిగాను, పోలేదు. ఆపి బోల్టులన్నీ చూశాను. మిమ్మల్ని కూడా పిలిచేశాను." బానెట్ మూసి, చేతులు తుడుచుకున్నారు. "ఏం లేదండి. ఇండికేటరు."